ప్రాణహితకు ఓటీపీ

మెహబూబ్ భాయ్,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. అల్లపల్లి అడవిలో ఫోన్ కూడా అందని నిన్ను ఊరికే పరేషాన్ చేయడమెందుకని. కానీ వరదొస్తుంది లేవమంటే, నీ కూతురు సలేహా పసిబిడ్డను పెట్టుకుని ప్రాణహిత ఒడ్డు ఇల్లు వదలనంటోంది.

"ఏటా గిట్లనే భయపెడ్తవ్ చాచా! పైన డ్యామ్ గేట్లెత్తిండ్రో లేదో సర్కారు సైట్‌ల చూసి చెప్పు, అప్పుడు లేస్తం" అన్నది.

సైట్ తెరిస్తే ముందు పేరు, ఊరు, నంబరు ఇచ్చి ఖాతా తెరవమంది. మన చిన్నప్పుడు వరదొస్తే రాజం తాత డప్పు కొట్టి చెప్పేవాడు. విన్నవాళ్ల పేర్లు రాసుకుంటూ కూర్చుంటే అప్పుడే సగం సిరోంచ మునిగేది. సరే, అన్నీ ఇచ్చాను. ఓటీపీ పంపామంది. ఊళ్లో సిగ్నల్ పోయింది. అవతలి ఒడ్డు టవర్ అందేది ఘాట్ మెట్ల మీదే. నీళ్లు వదిలారో లేదో తెలుసుకోవాలంటే ఆ నీళ్ల దగ్గరికే పోవాలన్నమాట.

అక్కడే కూర్చుని రాస్తున్నాను. దీన్ని బస్సు డ్రైవర్ తిరుమలకిచ్చి పంపుతాను. అందగానే వచ్చి తల్లీబిడ్డలను తీసుకుపో. నీ మాటైతే సలేహా వింటుంది.

ఇప్పుడే ఫోన్ మోగింది. ఓటీపీ వచ్చింది.

కింది మెట్టు మీద విడిచిన నా చెప్పులు లేవు, ఆ మెట్టూ లేదు.