వెన్నెల పేరున్న సెయ్యి

పోర్ట్‌బ్లెయిర్,
ఆదివారం.

మా అప్పకి సెల్లి గౌరి దండాలు పెట్టి రాస్తన్న మాటలు.

నువ్వూ బావా ఎలగున్నారు? బావ నడుం నొప్పి తగ్గినాదా? నా కూతురు వెన్నెల సరిగ్గా తింటన్నాదా? నాను బాగున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, కంగారు పడకు. జరిగిందంతా ఫోన్లో సెప్దామంటే గుంట నీ వొళ్లోనే కూకుంటాది, అందుకే రాస్తన్నాను.

ఓడెక్కే ముందు రాజాంలో సేతి మీద దాని పేరు పొడిపించుకున్నాను కదా. మానీదాకా నీళ్లలో నాననివ్వొద్దు, ఎండ తగలనివ్వొద్దు, పొక్కు గీకొద్దని ఆ పచ్చబొట్టు అబ్బాయి మరీ మరీ సెప్పాడు. తీరా ఇక్కడ హోటల్లో నాకిచ్చిన పని ఏటనుకున్నావు? దుప్పట్లు ఉతకడం. బ్లీచింగు నీళ్లలో మోచేతుల దాకా ముంచాలి. గ్లౌజులు అడిగితే, వొస్తాయిలే అన్నాడు సూపర్‌వైజరు. పేరు సెరిగిపోతాదేమోనని భయమేసి, ప్లాస్టిక్ కవరు సుట్టి దారంతో బిగించీసాను. లోపల సెమట పట్టి సెయ్యి ఎర్రగా వాసిపోనాది.

జొరమొచ్చినా ఎవులికీ సెప్పలేదు. దాని అయ్య పోయాక నా సంపాదనే కదా దానికి, ఈ పని కాస్తా పోతే? ఫోన్ సేసినప్పుడల్లా వెన్నెల తన పేరు సూపించమనేది. నాను జాకెట్టు సెయ్యి కిందకి లాక్కుని, లైటు సరిగ్గా లేదనేదాన్ని. ఒకరోజు పొద్దున్న లేస్తే వేళ్లు ముడవలేకపోయాను. నా గదిలో ఉండే సోంపేట పార్వతి ఆ కవరు కత్తిరించి సూసి, ఆసుపత్రికి లాక్కుపోనాది.

డాక్టరమ్మ హిందీలో ఏదో సెప్పింది. లోపల సీము పట్టింది, కొయ్యాలంట, సరిగ్గా పేరు మధ్యలోనేనంట. పక్క నుంచి కొయ్యకూడదా అని పార్వతి సేత అడిగించాను. వాళ్లిద్దరూ కాసేపు మాటాడుకున్నారు.

"సెయ్యి కావాలా, పేరు కావాలా అంటన్నాది," అంది పార్వతి.

కొయ్యమని సెప్పు అని కళ్లు మూసుకున్నాను.

ఇప్పుడు వాపు పోయింది, వేళ్లు ఆడతన్నాయి. పార్వతి సూపర్‌వైజరుతో దెబ్బలాడి నన్ను ఇస్త్రీ గదిలోకి మార్పించింది. ఉత్త వాజిలీను రాసుకుంటన్నాను, బయటికెళ్తే సెయ్యి కప్పుకుంటన్నాను. మిగిలిన అచ్చరాలైనా నిలవాలి కదా.

మొన్న నువ్వు కొట్టుకెళ్లినప్పుడు అదే ఫోనెత్తింది. ఇంక దాసలేక సూపించీసాను. మధ్యలో అచ్చరం లేదు, మచ్చుంది. "వె... ల" అని కూడబలుక్కుని సదివి, ఫోను మంచం మీద పడేసి ఎల్లిపోనాది. నాను పిలుస్తూనే ఉన్నాను. నాకు మీ ఇంటి కప్పు కనిపిస్తన్నాది గానీ గుంట కనిపించలేదు. ఎంతసేపటికో మళ్లీ మొకం పెట్టింది.

"గీకీసావా?"

లేదమ్మా, డాక్టరు కోసారన్నాను.

"మరి మిగిల్దాన్ని గీకకు. రోజూ సూపించు," అన్నాది.

రోజూ సూపిస్తన్నాను. నువ్వూ ఆ మచ్చ సూసే ఉంటావు, ముందే సెప్పలేదని కోప్పడకు. దానికి ఉన్నదున్నట్టు సెప్పు, అమ్మ తుడిపీలేదని సెప్పు. సర్మం గట్టిపడ్డాక ఆ అచ్చరం మళ్లీ పొడిపించుకోవచ్చంట. దాన్నడిగి సేస్తాను, దాని పేరు కదా.

బావకీ, మీ అత్తకీ నా దండాలు. పెద్దోళ్లు నా సెయ్యి సల్లగుండాలని దీవించండి. గుంటకి నా ముద్దులు.

నీ సెల్లి,
గౌరి