ఆసుపత్రిలో నేను చదవని కీర్తన

సుగుణా,

నువ్వు వెళ్ళిపోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను.

ఉదయం పక్కింటి మునెమ్మ వచ్చింది. గనిలో పీల్చిన దుమ్ము వల్ల ఆమె భర్తకు ఆయాసం మరీ ఎక్కువైంది. "అక్క వచ్చి ప్రార్థన చేస్తే ఆయనకు నిమ్మళంగా ఉండేదన్నా. ఇంగ ఎవురుండారు? నువ్వన్నా రా" అంది.

గని మూసి నా పని పోయినప్పటి నుంచి నేను చర్చి గడప తొక్కలేదని ఆమెకు తెలుసు. అయినా అడిగింది. కాదనలేక నీ బైబిలు తీసుకుని వెళ్ళి, నువ్వు గీత గీసుకున్న కీర్తన తడబడుతూ చదివాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "రేపు కూడా రా అప్పా" అన్నాడు. వస్తానన్నాను.

చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు సుగుణా. కోలారు ఆసుపత్రిలో నీకు చూపు ఆనక, ఇదే కీర్తన చదవమని నన్ను అడిగావు. "దేవుడు మనకేం చేసినాడని?" అని కసిరాను. నువ్వు గుర్తున్నంత వరకు నీకు నువ్వే మెల్లగా చెప్పుకున్నావు. మధ్యలో ఒక మాట మరిచిపోయి ఆగావు. బైబిలు నా పక్కనే ఉన్నా, నేను తెరిచి ఆ మాట అందించలేదు. నేను అందిస్తానేమోనని ఎదురుచూసి, నువ్వు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టావు.