వరుసలో మొదటి డబ్బా

చంద్రపూర్,
గురువారం పొద్దున.

చి.ల.సౌ. గిరిజకు,

ఇక్కడ నేను క్షేమం. పిండి గిర్ని క్షేమం. నువ్వు పెట్టిపోయిన మామిడికాయ తొక్కు సగం క్షేమం. అక్కడ మంచిర్యాలలో నువ్వు, స్వరూప, అల్లుడు శివకుమార్ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. రెండుసార్లు చదివాను. మూడోసారి గిర్నిలో చదువుతుంటే కాగితం మీద పిండి పడింది. దులిపి పెట్టెలో పెట్టాను. ఫోన్ చేయరాదా అని స్వరూప అంటుందట. చేస్తే నీకు వినబడక "ఆఁ? ఆఁ?" అంటావు. నేను అరవాలి. నేను అరిస్తే గల్లీ అంతా వింటుంది. పోయినసారి ఫోన్ పెట్టేశాక మూలమీది గిర్ని రవీంద్ర వచ్చి, "కాకా, కాకికి మోకాళ్ల నొప్పి తగ్గిందా?" అని నీ సంగతి అడిగాడు. అందుకే నాకు ఉత్తరమే నయం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. మాత్రలు వేసుకుంటున్నాను. వంట చేసుకుంటున్నాను. జొన్నరొట్టె మాత్రం గుండ్రంగా రావడం లేదు, చంద్రపూర్ జిల్లా పటంలా వస్తుంది. తింటే అంతా ఒకటే. కొత్త మీటరు బిగించి పోయారు. తొందరగా తిరుగుతుందా అని అడిగావు. అది తిరగదు, దాంట్లో చక్రమే లేదు. ఉట్టి అంకెలు. రోజూ నేను దాన్ని చూస్తాను, అది నన్ను చూస్తుంది. స్వరూప కాలికి కట్టు విప్పినా వెంటనే నడవనీయకు. ఆమె నీ బిడ్డ, ఆగదు.

చివర నవ్వుకుంటూ ఒక మాట రాశావు. "మా మల్లవ్వ డబ్బా ఇంకా అందరికన్న ముందే పెడుతున్నవా, నేను లేనప్పుడన్న వరుస న్యాయంగ నడుస్తుందా?" అని. ఈ మాట నువ్వు ముప్పై ఏళ్లుగా అంటున్నావు. జనం పొద్దున్నే వచ్చి డబ్బాలు వరుసగా పెట్టిపోతారు, నేను మాత్రం నీ చిన్నమ్మ బిడ్డ డబ్బా ఎక్కడున్నా తీసి ముందు పెడతాను. "పెండ్లాం తరఫోళ్లంటే గింత పాయిరమా" అని ఆడవాళ్లు నా ప్రేమను ఎక్కిరిస్తే నువ్వు మురిసిపోయేదానివి. దానికి అసలు జవాబు ఎప్పుడూ చెప్పలేదు. ఈ ఉత్తరంలో చెప్పాలి. చెప్పాక నువ్వు నన్ను మునుపటిలా చూస్తావో లేదో తెలియదు. అందుకే చెయ్యి వెనక్కి పోతున్నది. ముందు మంగళవారం సంగతి రాస్తాను.

ఇప్పుడున్న కరెంటు కంపెనీ తీగల మీదనే ఇంకొక కంపెనీ కూడా మన ఊళ్లో కరెంటు అమ్ముతానని దరఖాస్తు పెట్టింది. తీగ ఒకటే, దుకాణాలు రెండు. ఎవరికి నచ్చిన చోట వాళ్లు కొనుక్కోవచ్చట. రానివ్వాలా వద్దా అనేది కరెంటు ధరలు ఖాయం చేసే కమిషన్‌వాళ్లు చూస్తారు. అంతకుముందు జనం మాట వినాలని మంగళవారం ఇక్కడ హాల్లో సున్వాయి పెట్టారు. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు.

రవీంద్ర ఇప్పుడు గిర్నివాళ్ల సంఘానికి పెద్ద. ఆదివారమే వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"కాకా, గిర్నోళ్లల్ల నువ్వే పెద్దోనివి. నువ్వే మాట్లాడాలె."

"నాకు మాటలు రావని నీకెరుక."

"మాటలు నేను చెప్త. నువ్వు సదివితే చాలు."

"మరాఠీ అక్షరాలు నాకు తొందరగ కండ్లకు ఆనయి."

"తెలుగు అక్షరాలల్ల రాస్కో, బాబా! సాహెబ్ వచ్చి నీ కాగితం సూస్తడా?"

అట్లా వాడు మరాఠీలో చెబుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. రెండో కంపెనీ రావాలి, ఒక్కరే ఉంటే వాళ్లు చెప్పిందే ధర, ఇదీ అందులో ఉన్నది. నువ్వు ఇస్త్రీ చేసి పెట్టిపోయిన తెల్ల చొక్కా వేసుకొని పోయాను.

హాలు నిండా జనం. బయట ఎండ, లోపల ఉక్క. చివరి వరుసలో మల్లవ్వ కనబడింది. బస్తీ ఆడవాళ్లు తమ బిల్లుల సంగతి అడగమని ఆమెను పంపించారు. నన్ను చూసి, "బావా, ఏంది, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?" అని అంతదూరం నుంచే అరిచింది. నేను తల వంచుకొని ముందుకు పోయి కూర్చున్నాను.

ముందు పాత కంపెనీ వకీలు లేచాడు. మెత్తగా మాట్లాడాడు. "ఉన్న బరువుకే లైన్లు గుంజుకుపోతున్నాయి. ఇంకొకరు వస్తే తట్టుకోలేవు. చివరికి నష్టపోయేది బీదవాళ్లే" అన్నాడు. ఆయన చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. కానీ ఆ మాట వినగానే నా చేతిలో కాగితం చెమటకు తడిసింది. లైను తట్టుకోదు. ఆ మాట నాకు బాగా తెలిసిన మాట గిరిజా. ఎట్లా తెలుసో కింద రాస్తాను.

నా పేరు పిలిచారు. లేచాను. కాగితం చూస్తే అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. వేదిక మీది కమిషన్ పెద్దసాహెబ్ అద్దాలు తీసి, "బోలా కాకా, ఘాబరూ నకా" అన్నాడు. భయపడకు, చెప్పు అని. కాగితం జేబులో పెట్టుకొని నాకొచ్చిన మరాఠీలో చెప్పాను. నీకు మన మాటలో రాస్తున్నాను.

"సాహెబ్, మాది గిర్ని. గల్లీల నాదొక్కటే ఉన్నప్పుడు పది గంటలకు తలుపు తీసేటోన్ని. రాళ్లు అరిగినా గంట్లు కొట్టియ్యకపోతుంటి. పిండి బరకగ వచ్చినా జనం తీస్కపోతుండిరి. యాడికి పోతరు? తర్వాత ఈ రవీంద్ర మూలమీద గిర్ని పెట్టిండు. తెల్లారి సంది నేను ఏడింటికే తలుపు తీసిన."

హాలంతా నవ్వింది. రవీంద్ర అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

"అందుకే రెండోది రానియ్యుండ్రి. కానీ ఒక్క మాట రాసుకోండ్రి. ఇరవై కిలోల గోధుమలు తెచ్చినోళ్ల డబ్బా పడుత, రెండు కిలోల జొన్నలు తెచ్చిన ముసల్దాని డబ్బా పట్ట అంటే గిర్ని నడువది. కొత్తాయన కార్ఖానలను ఏరుకొని, ఒక్క బల్బున్న ఇండ్లను పాతాయన నెత్తిన ఇడిస్తే అది పోటీ గాదు. వరుసల డబ్బా పెట్టినోళ్లందరికి పట్టాలె. ఇద్దరికీ అదే కానూన్ చెయ్యుండ్రి."

అక్కడికి కూర్చోవలసింది. కూర్చోలేదు. ఇంకొక మాట దానంతటదే వచ్చింది.

"లైను తట్టుకోదంటే మీరే వచ్చి కొలువుండ్రి. కానీ చెప్పి రాకుండ్రి. చెప్పి వస్తే మాసొంటోళ్లం రాళ్లు బిగిస్తం. ఒకప్పుడు ఒక ఆడామె గిర్ని పెట్టుకుంటనంటే, లైను తట్టుకోదని ఒకడు రాసిచ్చిండు. అది అబద్ధం. ఆమె గిర్ని పెట్టనేలేదు."

కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. పెద్దసాహెబ్ ఏదో రాసుకున్నాడు. తీర్పు తర్వాత చెబుతారట.

బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర నిలబడితే మల్లవ్వ వచ్చింది.

"నీకు గిన్ని మాటలొస్తయని మా అక్కకు ఎరుకనా బావా?" అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. "ఆ ఆడామె నేనే గదా. మరి ఆ ఒకడు ఎవడు?"

"నీ బిల్లు సంగతి ఏమన్నరు?" అన్నాను.

నా ముఖం చూసింది. "సరే తీయ్" అని వెళ్లిపోయింది. అంతమంది ముందు మాట్లాడిన నోరు ఒక్క మనిషి ముందు మూతపడింది.

ఆ ఒకడు నేనే గిరిజా.

దుర్గాపూర్ బొగ్గుబావిలో పనిచేసే పెనిమిటి జ్వరంతో పోయాక, మల్లవ్వ పాత గిర్ని రాళ్లు, మోటరు కొని మన గల్లీ చివర ఇంట్లో దించుకున్నది నీకు గుర్తుండే ఉంటుంది. కనెక్షన్ ఇచ్చేముందు ఆఫీసువాళ్లు, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటరు నడిపేవాణ్ని కాబట్టి నన్ను అడిగారు. లైను తట్టుకోదని రాసి సంతకం పెట్టాను. కొలవడానికి ఇంజనీరు ఫలానా రోజు వస్తాడని ముందే తెలిసింది. ఆ పొద్దున రాళ్లు రెండూ బాగా దగ్గరికి బిగించి, గోధుమలు పోసి గిర్ని నడిపాను. ఆ బరువుకు మోటరు మూలిగింది. గల్లీలో బల్బులన్నీ ఎర్రబడ్డాయి. ఇంజనీరు చూసి రాసుకుపోయాడు. ఆయన తప్పేమీ లేదు. కండ్లకు కనబడిందే రాశాడు.

ఆయనకు చాయ్ ఇచ్చింది నువ్వు. "సూడుండ్రి సారూ, మా ఒక్క మోటరుకే గిట్లైతున్నది" అని కూడా అన్నావు. నీకు తెలియదు. నీ నిజాన్ని నా అబద్ధానికి వాడుకున్నాను. కనెక్షన్ రాలేదని మల్లవ్వ మనింట్లో కూర్చొని ఏడిస్తే నువ్వు ఆఫీసువాళ్లను తిట్టావు. నేను పక్కనే అన్నం తింటున్నాను. ఆ రోజు రెండోసారి చారు కూడా పోయించుకున్నాను. అది మరిచిపోలేదు.

ఎందుకు చేశానంటే భయపడి. ఆమెకు నోట్లో మాట ఉన్నది, ముఖాన నవ్వు ఉన్నది. నాకు రెండూ లేవు. జనమంతా అటే పోతారనుకున్నాను. ఆమె మోటరు సగానికి అమ్ముకొని, దుర్గాపూర్ క్వార్టర్లలో వంటలు చేసి కొడుకు రమేష్‌ను పెంచింది. రాయి ఎవరూ కొనలేదు. గడప ముందు మెట్టుగా వేసుకున్నది. వాళ్లింటికి పోయినప్పుడు ఆ రాయి మీద కాలు పెట్టకుండా పక్కనుంచి ఎందుకు ఎక్కుతావని నువ్వు అడిగేదానివి. కాలు జారుతుందనేవాణ్ని. ఆమె డబ్బా ముందు పెట్టడం కూడా ఆ సంవత్సరమే మొదలుపెట్టాను. పాయిరం కాదు గిరిజా.

నిన్న ఆమె ఇంటికి పోయాను. బియ్యం ఏరుతున్నది. ఆ రాయి మీద కూర్చొనే చెప్పాను. నీకు రాసినంత కూడా చెప్పలేదు, నాలుగు మాటలే. చాట ఆగింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నా డబ్బా ముందు పెట్టింది గందుకా?"

"ఔ."

"నేను సుట్టరికం అనుకున్న బావా" అన్నది. చాట తీసుకొని లోపలికి పోయింది.

ఆ మాట అనేకన్నా తిట్టినా బాగుండేది. నీకు ముందు చెప్పకుండా ఆమెకు చెప్పాను. నష్టపోయింది ఆమె కాబట్టి ముందు ఆమెకు చెప్పాలనిపించింది. అది కూడా తప్పయితే చెప్పు.

ఇంతవరకు తలుపు తీయకముందు రాశాను. ఇప్పుడు పదకొండు అవుతున్నది. మిగతాది గిర్నిలోనే కూర్చొని రాస్తున్నాను, పిండి పడితే ఏమనుకోకు.

పొద్దున ఏడింటికి డబ్బాలు వచ్చాయి. గురువారం మల్లవ్వ జొన్నలు తెచ్చే రోజు. అలవాటు కొద్దీ మొదటి చోటు ఖాళీగా ఉంచాను. ఎనిమిదయింది. తొమ్మిదయింది. ఆడవాళ్లు, "ఏంది, ఇయ్యాల మరదలు రాలేదా" అని ఎక్కిరించారు. ఇక రాదనుకున్నాను. రావద్దు కూడా, అనుకున్నాను.

ఇందాక వచ్చింది. నెత్తి మీద అదే పాత నూనెడబ్బా. ఖాళీ చోటు చూసింది. నేను లేచి డబ్బా అందుకోబోయాను.

"ఆగు" అన్నది. డబ్బా తీసుకుపోయి అందరి వెనక, చివర పెట్టింది. ఏడో డబ్బా.

"ఇయ్యాల్టి సంది నాది నా నంబర్ల పట్టు."

"కోపమా మల్లవ్వా?" అని అడిగాను. నోట్లోంచి అదే వచ్చింది.

"కోపం లేకుంటుంటదా? ముప్పై నాలుగేండ్ల కోపం ఒక్కనాడు వచ్చింది. యాడ పెట్టాలెనో సమజైతలేదు." కొంగుతో ముఖం తుడుచుకున్నది. "రవీంద్ర గిర్నికి పోదామని మూలదాక పోయిన. గప్పుడు మా అక్క యాదికొచ్చింది. ఇప్పుడు గల్లీల రెండు గిర్నులున్నయి బావా. ఒక్కటే ఉన్నప్పుడు వస్తే అది రావుడు గాదు. రెండున్నా నీ తానికొచ్చిన. సన్నగ పట్టు."

గోడవారన కూర్చున్నది. పక్కనున్న ఆమెతో మిరపకాయల సంగతి మాట్లాడుతున్నది. నా వైపు చూడటం లేదు. పోనీ, కూర్చున్నది కదా.

ఇప్పుడు ఐదో డబ్బా పడుతున్నాను. ఆరోది రెండు కిలోలే. ఆ తర్వాత ఆమెది. ఉత్తరం ముగించి రాళ్లు ఒకసారి చూసుకోవాలి.

నీకు కూడా కోపం వస్తుంది. రావాలి. స్వరూప కాలు నయమయ్యేదాకా అక్కడే ఉండు, నా మీద కోపంతో ముందే రావద్దు, నా మీద కోపంతో ఆలస్యం కూడా చేయవద్దు. నీకు ఉత్తరం రాసేంత ఓపిక లేకపోతే ఫోన్ చేసి తిట్టు. "ఆఁ? ఆఁ?" అన్నా సరే. ఈసారి నేను అరిచే జవాబు చెబుతాను. గల్లీ అంతా వింటే విననీ.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
స్వరూప బాపు,
అనంతరావు.