ఘాటీలో మిగిలిన డీజిల్

సాలూరు, 1968 ఫాల్గుణం, మంగళవారం రాత్రి

ఈ రోజు మొదటిసారి నా లారీలో కోరాపుట్ నుంచి ఘాటీ రోడ్డు దిగాను. వెనక నిండా చింతపండు బస్తాలు, స్టీరింగు దగ్గర అక్క మొగుడు. మూడు నెలలుగా బావ ప్రతి ట్రిప్పులోనూ డీజిల్ మిగిల్చి తెస్తున్నాడు. అందరి లారీలూ నష్టాల్లో ఉంటే నాదొక్కటే లాభాల్లో ఉందని బజారంతా చెప్పుకు తిరిగాను. ఆ సంబరంలో బావకి కొత్త చొక్కా కూడా కుట్టించాను.

పైమలుపు దాటగానే బావ ఇంజను ఆపేసి, బండిని న్యూట్రల్‌లో వదిలేశాడు. అంత బరువుతో అది తనంతట తానే పరుగు పెట్టింది. బ్రేకొక్కటే ఆధారం, అది పట్టకపోతే లోయే.

"ఇదేటి బావా!" అని అరిచాను.

"డీజిల్ ఇలాగే మిగుల్తాది మరి. నువ్వేటనుకున్నావురా?" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

కింద చదునుకొచ్చి బండి ఆగాక చూశాను. ఆ కొత్త చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుపోయింది. ఇంటికొచ్చాక అక్క దాన్ని చూసి, "ఘాటీలో వాన పడ్డాదేటి?" అని అడిగింది.

రేపటి నుంచి బండి గేర్లోనే దిగాలి. ఖర్చు పెరుగుతుంది, పెరగనీ. చింతపండు షావుకారుని కిరాయి పెంచమంటాను. కాదంటే వేరే సరుకు చూసుకుంటాను. మిగిలే డబ్బుతో మారుద్దామనుకున్న టైర్ల సంగతి మాత్రం ఎలాగో... సరే, అది తర్వాత.

పొద్దున్నే బావకి చెప్పేస్తాను. ఇకమీదట డీజిల్ మిగిలిందని వస్తే చొక్కా కాదు, చీవాట్లే.