మా పాపకు పడాల్సిన రెండో ఓటు

సోమవారం, పోలింగ్ ముగిసిన రాత్రి

ఓటు మిషన్ మీద మా పాప సుజాత పేరు, పక్కనే ఫొటో, మన ఎర్రజెండా పార్టీ గుర్తు! డెబ్బై ఏళ్ల బతుకులో ఇంత ఆనందం నాకెప్పుడూ లేదు. కళ్లనిండా చూసుకున్నాను. చూసి, వేరే పార్టీ బటన్ నొక్కి వచ్చాను.

నిన్న టీ అంగడిలో హుసేనన్న అన్న మాట నన్ను వదల్లేదు. "ఏమప్పా, మీ పాప ఎట్లాగూ గెల్చదు. మనోళ్ల ఓట్లు చీలితే, మన పొలాలు సోలార్ కంపెనోళ్లకు రాయించినోడే మళ్లీ వస్తాడు. వాన్ని ఆపల్లంటే ఇంగో దొంగకే వేయల్ల."

ఇదే మాట పోయిన వారం నేనంటే పాప కోప్పడింది. "చిన్న దొంగ, పెద్ద దొంగ అనుకుంటా ఎన్నాళ్లు నాయనా? మన జెండాకు మనమే వేయకుంటే ఇంగెవురు వేస్తారు?"

సాయంత్రం వచ్చి, సిరా గుర్తున్న నా వేలు పట్టుకుని నవ్వింది. "ఎవురు వేసినా వేయకున్నా మన ఊర్లో రెండోట్లు ఖాయం నాయనా. నీది, నాది."

లెక్కింపు రోజు మా ఊరి బూత్ ఓట్లు విడిగా చదువుతారు. పాప పెన్నుతో రాసుకుంటుంది. ఒక్కటే అని చదివితే...

ఊర్లో ఇంకెవరైనా, ఒక్కరైనా, మా బిడ్డకు వేసి ఉంటే బాగుండు.