కోచ్ హాగన్ ఇంటిముందు బోర్డు, నా రెండు సీట్లు

నేను, జార్జియా రాష్ట్రం ఒలీటా పట్టణ వాస్తవ్యురాలను, కీర్తిశేషుడు హోయ్ట్ ప్రూయిట్ భార్యను, వెల్డా రూత్ ప్రూయిట్ అను దానను, వయస్సు డెబ్బై నాలుగు, వృత్తి ఇళ్లు అమ్మిపెట్టుట (ప్రస్తుతం మానుకొంటిని), నా బుద్ధి స్థిరముగా ఉన్నదనియు, జ్ఞాపకము చెడలేదనియు ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. ఒక్క మా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ విషయంలో మాత్రం నా బుద్ధి స్థిరంగా లేదు. పొద్దున లేవగానే ఆయన్ను తీసెయ్యాలనిపిస్తుంది. కాఫీ చల్లారేలోపు, పాపం ఉండనిద్దాం అనిపిస్తుంది. దీనివల్ల వీలునామా చెల్లకుండా పోదని మా వకీలు మిస్ కార్లీన్ హామీ ఇచ్చింది. ‘ఎవరి ప్రోద్బలమూ లేకుండా’ అని కూడా రాయమంది. రాశాను గానీ, ఈ సీజన్లో ఒలీటాలో ఎవరి ప్రోద్బలమూ తగలని మనిషి శ్మశానంలో తప్ప దొరకడు.

సోమవారం నాకు గుండె ఆపరేషన్. ఇవాళ శనివారం, ఒంటిగంటకు మా కంచరగాడిదలకు ఆఖరి ఆట. కంచరగాడిదలంటే మా జట్టు పేరే, తిట్టు కాదు. ఓడితే కోచ్ లైల్ హాగన్‌ను తీసేస్తారని అందరూ అంటున్నారు. గెలిచినా తీసేస్తారని సగంమంది అంటున్నారు. ఇంట్లో కుదురుగా కూర్చోలేక, స్టేడియం పక్క పార్కింగ్ స్థలంలో మా గుడారం కిందకొచ్చి, లేస్తూ కూర్చుంటూ ఇది రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలుకు కార్యనిర్వాహకురాలిగా పైన చెప్పిన మిస్ కార్లీన్ మాబ్రీని నియమించడమైనది. ఆమెకు ఫుట్‌బాల్ పట్టదు. ఆట జరుగుతుంటే తోటపని చేసుకునే మనిషి. ఈ ఊళ్లో నమ్మదగ్గ మనిషి ఇంకొకరు నాకు దొరకలేదు.

2. నా ఇల్లు, పెకన్ కాయల తోట పోయిన వసంతంలోనే నా కూతురు ట్వైలాకు, కొడుకు గ్రేడీకి చెరిసగం రిజిస్టరు చేసి ఇచ్చేశాను గనుక అవి ఈ వీలునామా పరిధిలోకి రావు. అప్పటికి వాళ్లిద్దరూ మాట్లాడుకునేవాళ్లు. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఒకే కారులో, ఒకే పాట పాడుకుంటూ ఇంటికొచ్చారు.

3. నా భర్త హోయ్ట్ వాడిన, పంది మాంసాన్ని పొగలో మగ్గబెట్టే ఇనుప పొయ్యి నా తదనంతరం ఓడెల్ వికరీకి దాన విక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఓడెల్ స్టేడియంలో మా వెనక వరసలో కూర్చుని ఇన్నేళ్లూ మా చెవుల్లో అరిచిన మనిషి. హోయ్ట్‌కు ఎడమ చెవి పోవడానికి వయసు కారణమని డాక్టరు అన్నాడు, ఓడెల్ కారణమని నేనంటాను. అయినా హోయ్ట్ శవపేటికను ముందువైపు పట్టి మోసింది ఓడెలే. ఈ పొయ్యి మీద వండినప్పుడల్లా, అరిచే ముందు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోవలెనన్నది నా షరతు.

ఈ క్లాజు రాస్తుండగా కూడా ఓడెల్ పక్క గుడారంలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తూ అరుస్తూనే ఉన్నాడు. “ఒక్క గజం మిస్ వెల్డా, ఒకే ఒక్క గజం. నేను బోర్లా పడితేనే రెండు గజాలుంటా గదా. ఆయన మంచోడు మంచోడు అంటారేంటండీ అందరూ? మంచోడైతే చర్చిలో పెట్టుకోండి, మైదానంలో ఎందుకూ?”

ఆ గజం సంగతి తెలియనివాళ్లు ఈ జిల్లాలో లేరు గానీ, కోర్టువారి కోసం రాస్తున్నాను. అక్టోబరులో బెయిన్‌టన్ కాలేజీతో ఆట. చివరి నిమిషాలు. బంతి మావాళ్ల చేతిలోనే ఉండాలంటే ఇంకొక్క గజం ముందుకు పోవాలి. బంతి చంకలో ఇరికించుకుని ఎవడో ఒక బండోడు ముందుకు పడితే వచ్చేసే గజం అది. కోచ్ హాగన్ పడనివ్వలేదు. ముందుకు వెళ్లకుండా బంతిని అవతలివాళ్ల వైపు తన్నించేశాడు. వాళ్లు దాన్ని పట్టుకుని పరిగెత్తుకొచ్చి గెలిచారు. ఎందుకలా చేశావని అడిగితే “మా కుర్రాళ్లు అలసిపోయారు, దెబ్బలు తగులుతాయని భయపడ్డాను” అన్నాడట. ఆ ఒక్క మాటతో ఊరు రెండు ముక్కలైంది. మంగలి షాపులో కుర్చీలు కూడా అటు కొన్ని ఇటు కొన్ని జరిపేసుకున్నారు.

4. నా షెడ్డులో మిగిలి ఉన్న ‘ఇల్లు అమ్మకానికి, వెల్డా ప్రూయిట్’ అని రాసిన బోర్డులన్నీ కోచ్ భార్య శ్రీమతి బానీ హాగన్‌కు చెందవలెను. పై రేకులు పీకి పారేసి, కింది కర్రలు ఆమె టమాటా మొక్కలకు ఊతంగా పాతుకోవచ్చు. మంచి దేవదారు కర్రలు, చెదపట్టవు.

ఇది ఎందుకిస్తున్నానో కూడా చెప్పాలి. మా ఊళ్లో జట్టు ఓడుతున్నప్పుడు కోచ్ ఇంటిముందు పచ్చికలో ఇలాంటి బోర్డు పాతడం ఆనవాయితీ. నీ ఇల్లు అమ్ముకుని దయచెయ్యమని దాని అర్థం. హోయ్ట్ తన కాలంలో ఇద్దరు కోచ్‌లకు పాతి, గొప్పగా చెప్పుకున్నాడు. బెయిన్‌టన్ ఆట మర్నాడు మా గ్రేడీ నా షెడ్డులోంచి ఒక బోర్డు పట్టుకెళ్లి హాగన్ ఇంటిముందు పాతాడు. చూసినవాళ్లు నవ్వుకుంటూ పోయారు.

నవ్వని మనిషి ఒకాయన ఉన్నాడు. ఊరికి కొత్తగా వచ్చిన పళ్ల డాక్టరు. ఆయనకు ఈ ఆనవాయితీ తెలియదు, ఇల్లు మాత్రం కావాలి. నేరుగా వెళ్లి తలుపు కొట్టాడు. బానీ తలుపు తీసింది. కాలేజీవాళ్లే పంపారనుకుంది. అంటే మొగుణ్ని తీసేశారు, కబురు ఇలా వచ్చింది అనుకుంది. కోచ్‌ల భార్యలకు కబుర్లు ఇలాగే వస్తాయట, ఇది ఆమెకు నాలుగో ఊరు. ఆయన్ను లోపల కూర్చోబెట్టి, చల్లటి తీపి టీ ఇచ్చి, గది గదీ తిప్పి చూపించింది. బట్టలుతికే గది కప్పు కారుతుందని కూడా దాచకుండా చెప్పింది. ఆయన వెళ్లిపోయాక వంటింట్లో కింద కూర్చుని పళ్లేలన్నీ పాత పేపర్లలో చుట్టడం మొదలుపెట్టింది. సాధన ముగించుకుని లైల్ ఇంటికొచ్చేసరికి అలమరలు ఖాళీ.

మా ట్వైలా కాలేజీలో జట్టు కుర్రాళ్లకు లెక్కలు చెబుతుంది. చర్చి పాటల బృందంలో బానీ పక్కనే నిలబడి పాడుతుంది. సంగతి వినగానే మా ఇంటికొచ్చింది. గ్రేడీ నా వరండాలో కోడికాలు తింటున్నాడు. “చుడుతూ కూర్చుందిరా ఆవిడ, ఏడవను కూడా ఏడవలేదు. నువ్వు మాత్రం ఇక్కడ కూర్చుని ఎముకలు చీకు” అంది. “ఆయన్ని నేను పొమ్మన్నానా? స్కోరుబోర్డు పొమ్మంది. నాన్న పాతినప్పుడు నువ్వూ చప్పట్లు కొట్టావు గదే అక్కా” అన్నాడు వీడు. “అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నీకిప్పుడు నలభై” అని, నా వైపు తిరిగి, “అమ్మా, నాకిక తమ్ముడు లేడని వాడితో చెప్పు” అంది. వాడు ఎదురుగానే ఉన్నాడు.

5. ఆనాటి నుంచి నేను ఈ ఇంటికి టెలిఫోన్ తీగనయ్యాను. ‘అమ్మా, ఉప్పు ఇటిమ్మని ఆవిడతో చెప్పు.’ ‘అమ్మా, వాడి కారు నా కారుకి అడ్డంగా ఉందని చెప్పు.’ ఇందులో ఎవరిది తప్పని నన్నడగకండి. గ్రేడీ ఈ జట్టుకు ఆడి మోకాలు పోగొట్టుకున్నవాడు. ఇప్పటికీ టైర్ల కొట్టులో నిచ్చెన ఎక్కేటప్పుడు పళ్లు బిగపడతాడు. వాడికి ఆ గజం ఉత్త గజం కాదు. ట్వైలాకు ఆ కుర్రాళ్లు ఉత్త కుర్రాళ్లు కారు. “హాగన్ వచ్చాక పిల్లలు డిగ్రీ చేతబట్టుకుని బయటికి పోతున్నారమ్మా. అది స్కోరుబోర్డు మీద ఎవడూ రాయడు” అంటుంది. ఇద్దరి మాటా నిజమే. నిజాలు రెండు ఒక ఇంట్లో చేరితే తలుపులు పగిలిపోతాయని నాకిప్పుడు తెలిసింది.

అసలు నన్ను తొలిచేస్తున్నది ఇది. ఆసుపత్రిలో ఎవరుంటారని నర్సు అడిగితే వీళ్లు వంతులు వేసుకున్నారు. సోమవారం ట్వైలా, మంగళవారం గ్రేడీ. నాకు మెలకువ వచ్చేసరికి ఒక్కరే కనిపిస్తారు. అసలు మెలకువే రాకపోతే, నా పెట్టె మోయడానికి కూడా వంతులేనా? నాకు ఆపరేషన్ అంటే భయం లేదు. ఈ వంతులంటే భయంగా ఉంది.

6. కోచ్ విషయంలో నా అభిప్రాయం అందరూ అడుగుతున్నారు గనుక, చచ్చాక తగువు ఉండకూడదు గనుక, ఇక్కడ నమోదు చేయడమైనది. ఈ క్లాజు ఈ పొద్దుట్నుంచి మూడు రకాలుగా రాసి కొట్టేశాను. ఇక మార్చను. ఆయన్ను మార్చాల్సిందే. గెలవాలన్న ఆకలి ఆ మనిషికి లేదు. దెబ్బ తగులుతుందని భయపడేవాడు పిల్లల తండ్రిగా బాగుంటాడు, జట్టు ముందు నిలబడలేడు. జట్టుకు ఆయన సరిపోడు గానీ ఊరికి సరిపోతాడు. తీసేసేవాళ్లు ఇంటికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, ముఖం చూసి చెప్పాలి. పచ్చికలో కర్రతో చెప్పకూడదు. ట్వైలా, నువ్వు ‘మార్చాల్సిందే’ అన్న వాక్యానికి నామీద అలుగుతావు. గ్రేడీ, నువ్వు చివరి వాక్యానికి. అలగండి.

7. స్టేడియంలో నలభై గజాల గీతకు ఎదురుగా నా పేరున ఉన్న రెండు పక్కపక్క సీట్లు. ఒలీటాలో ఇళ్లకన్నా ఇవి విలువైనవని, వీటికోసం విడాకుల కోర్టుల్లో కొట్టుకున్న జంటలున్నారని మిస్ కార్లీన్‌కు బాగా తెలుసు. హోయ్ట్‌తో మొదటిసారి మాట్లాడింది ఆ బల్లల మీదే. వర్షం పడుతుంటే తన కోటు నా మోకాళ్ల మీద వేశాడు, నావైపు చూడలేదు, ఆటే చూశాడు. ఆయన పోయాక, నా మోకాళ్లు మెట్లెక్కనని మొండికేశాక, అక్కడ నా పిల్లలిద్దరూ కూర్చుంటూ వచ్చారు. ఇప్పుడు కోచ్‌ను తీసేదాకా గేటు దాటనని గ్రేడీ పార్కింగ్‌లోనే నిలబడతాడు. ట్వైలా ఒక్కతే లోపలికెళ్లి, పక్క ఖాళీ సీట్లో తన సంచి పెట్టుకుంటుంది.

కాలేజీ నియమం ప్రకారం రెండు సీట్లూ ఒకే పేరుకు మారాలి. గ్రేడీకి రాస్తే ట్వైలా ఇక రాదు. ట్వైలాకు రాస్తే గ్రేడీ ఈ స్టేడియం వైపు తల తిప్పడు. కాబట్టి సదరు రెండు సీట్లు నా తదనంతరం లైల్ హాగన్‌కు, ఆయన భార్య బానీతో కలిసి అనుభవించుటకు, చెందవలెను. ఆయన ఇక్కడ కోచ్‌గా ఉన్నా, తీసేసినా సరే. ఈ ఊరు పంపించేసిన కోచ్ ఎవడూ మళ్లీ ఈ ఊరి ముఖం చూడలేదు. ఈయన చూడాలని నా కోరిక. బానీ ఇన్నేళ్లూ కోచ్‌ల కుటుంబాల గాజుగదిలోంచే ఆట చూసింది, జనంలో కూర్చుంటే మొగుణ్ని తిట్టే తిట్లు వినపడతాయని. ఇకమీదట ఆమె జనంలో కూర్చుని, ఆ రాబోయే కొత్త కోచ్‌ను కడుపారా తిట్టుకోవచ్చు. లైల్ కూడా తిట్టవచ్చు. వెనక ఓడెల్ ఉంటాడు, నేర్పిస్తాడు.

8. ఈ వీలునామాలో నా సొంత పిల్లలిద్దరికీ ఏమీ రాయలేదు. గమనించే ఉంటారు. కోపం వచ్చి కాదు. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే ఆ వాటా పోతుందని, సాక్షులు ఇద్దరుండాలని మిస్ కార్లీన్ చెప్పింది. ఇద్దరూ తన ముందే, ఒకరి కళ్లెదుట ఒకరు సంతకం చేస్తేనే తాను ఒప్పుకుంటానంది. వంతులు కుదరవంది. ఆ మాట వినగానే, వీళ్లకు వాటా రాసిన పాత కాగితం చింపేశాను. ఈ పత్రానికి సాక్షులుగా ట్వైలా జీన్, గ్రేడీ హోయ్ట్‌లను తప్ప ఇంకెవరినీ నేను అంగీకరించను. ఆట మొదలయ్యే లోపు ఇద్దరూ ఈ మడత బల్ల దగ్గరికి రావలెను. ఏ ఒక్కరు రాకపోయినా ఈ కాగితం చెల్లదు, నేను సోమవారం వీలునామా లేకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కుతాను. ఇద్దరికీ ఫోన్ చేసి ఇదే చెప్పాను. ఇద్దరూ ఠక్కున పెట్టేశారు. గేట్లు తెరిచేశారు, బ్యాండు మొదలైంది, మిస్ కార్లీన్ తప్ప ఇంకా ఎవరూ రాలేదు. నేను కూర్చోలేకపోతున్నాను.

ఇది నా ఇష్టపూర్వకంగా, నా స్వహస్తంతో రాసుకున్న చివరి మాట.

తేదీ: 2014 నవంబరు 22, శనివారం, ఒలీటా.

(సంతకం) వెల్డా రూత్ ప్రూయిట్

సాక్షులు:
(సంతకం) ట్వైలా జీన్ ప్రూయిట్
(సంతకం) గ్రేడీ హోయ్ట్ ప్రూయిట్

వకీలు ధ్రువీకరణ: పై సాక్షులిద్దరూ ఒంటిగంటకు కొద్ది ముందు, చెరోవైపు నుంచి వచ్చి, నా సమక్షంలో, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసినారు. ఆ సమయంలో సాక్షులు మాట్లాడుకున్నది యథాతథంగా చేర్చమని మిస్ వెల్డా కోరినందున చేర్చడమైనది. రెండవ సాక్షి తల్లి వైపు తిరిగి “అమ్మా, పెన్ను ఇమ్మని ఆవిడతో...” అని ఆగి, మొదటి సాక్షి వైపు తిరిగి, “పెన్నియ్యవే అక్కా” అనెను. మొదటి సాక్షి “ఇదిగో, తగలడు” అని ఇచ్చెను. వేరే మాటలేవీ జరగలేదు.

(సంతకం) కార్లీన్ మాబ్రీ, వకీలు