సమ్మె రోజుల్లో కోళ్లు

20 సెప్టెంబర్ 2011, మంగళవారం

తెలంగాణ సమ్మెలో నా స్కూలు బంద్. నిన్నటి నుంచి బస్సులూ బంద్. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో సొలొమోను వరసగా రెండు రోజులు ఇంట్లో ఉండటం ఇదే మొదలు. స్టీరింగ్ లేక చేతులు ఊరుకోవడం లేదు. మా కోళ్లు పాలకూర మడి పాడు చేశాయని పక్కింటి రఘుపతి అన్నాడట. ఈయన పది పెట్టలనూ బాత్రూమంత రేకుల గూట్లో వేసి గొళ్లెం పెట్టాడు. ఇరుకవుతుందని చెప్పాను. బస్సులో తొంభై మందిని ఎక్కించేవాడికి చెబుతున్నావా అన్నాడు.

23 సెప్టెంబర్

ఎర్ర పెట్ట వీపు మీద ఈకల్లేవు. తోక దగ్గర రక్తం. పొడిచేది నల్ల పెట్ట. మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటున్నాయి. ఎర్రదాన్ని విడిగా గంప కింద పెట్టి పసుపు రాశాను. నల్లదాని ముక్కు కట్ చేస్తానన్నాడు. ఫారాల్లో చేస్తారట. తప్పు ముక్కుది కాదు, జాగాది అన్నాను. వినలేదు.

24 సెప్టెంబర్, మధ్యాహ్నం 2

నెయిల్ కట్టర్‌తో చేశాడు. లోపలి దాకా తెగింది. నేను పసుపు తెచ్చేలోపు దాన్ని మళ్లీ గూట్లో వదిలాడు. రక్తం చూసి మిగతావన్నీ మీద పడ్డాయి.

సాయంత్రం 5

చచ్చిపోయింది. కూర వండమంటాడనుకున్నాను. జామచెట్టు వెనక పూడ్చాడు. అన్నం తినలేదు.

25 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి రాలేదు. నేను తిరిగొచ్చేసరికి గొళ్లెం తీసి ఉంది. ఎక్కడిదో పాత చేపల వల తెచ్చి సగం పెరడు చుట్టూ కడుతున్నాడు. లోపల ఒక తోటకూర కట్ట తాడుతో వేలాడదీశాను. పొడవాలనిపిస్తే దాన్ని పొడుస్తాయి. వల రెండో కొస నేను పట్టుకున్నాను.

26 సెప్టెంబర్

తెల్ల పెట్ట పొదుగుకొచ్చింది. కింద గుడ్డు లేకపోయినా గూటి మూల వదలదు. మేత ముట్టదు. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి కసురుతోంది. పొదుగు మానాలని మా అత్త అలాంటిదాన్ని నీళ్లలో ముంచేది. ఈయనా బకెట్ పట్టుకొచ్చాడు. నింపలేదు. నా ముందు నిలబడ్డాడు.

“ఏం జేద్దామో నువ్వే చెప్పు. నువ్వన్నట్లే జేస్త.”

మాన్పాలంటే గడ్డి లేకుండా, కింద గాలాడే జాలీ పెట్టెలో మూడు రోజులు ఉంచాలని చెప్పాను. లేదంటే గుడ్లు పెట్టి కూర్చోనివ్వాలి. మాకు పుంజు లేదు కాబట్టి మా గుడ్లు పనికిరావు.

కూర్చోనిద్దామన్నాడు.

27 సెప్టెంబర్

మా స్కూల్లో వంట చేసే సిద్దమ్మ పుట్టిల్లు ఎల్దుర్తి. వాళ్లకు పుంజు ఉంది. ఈయన పొద్దున్నే సైకిల్ మీద పోయాడు, సాయంత్రం వచ్చాడు. టిఫిన్ డబ్బాలో ఊక, ఊకలో పదకొండు గుడ్లు. రెండు పగిలాయి. ఆ రోడ్డు మీద జనం తన బస్సులో ఎట్లా కూర్చున్నారో ఇవాళ తెలిసిందట. తొమ్మిది పెట్టాం. ఇరవై ఒక్క రోజులు.

4 అక్టోబర్

రోజుకోసారి లేపి నీళ్లు తాగిస్తున్నాడు. నన్ను పొడుస్తుంది. ఆయన్ని పొడవదు.

9 అక్టోబర్

ఎర్రదానికి ఈకలు మొలుస్తున్నాయి.

17 అక్టోబర్

డిపో నుంచి ఫోన్. బస్సులు తీస్తున్నారు. రేపు ఈయనకు అల్లాదుర్గ్ డ్యూటీ. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేశాను. ఆయన తెల్లదాని పక్కనే కూర్చున్నాడు.

“నల్లదాన్ని నేనే సంపిన, సువర్ణ.”

అవునన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను.

18 అక్టోబర్

పదకొండింటికి గల్లీ మొదట్లో హారన్. జనాన్ని బస్సులోనే కూర్చోబెట్టి వచ్చి, తెల్లదాని కింద పిల్లల్ని లెక్కపెట్టాడు. వెనకే ఎవరో ముసలమ్మ కూడా దిగొచ్చింది.

“ఎన్ని లేసినయి బిడ్డా?” అని నన్ను అడిగింది.

ఏడని ఆయనే చెప్పాడు.